ఎనిమిది ఆకుల కట్ట



స్వైన్ ఫ్లూ అనే మాట మన ఊళ్లలో కొత్తగా వినబడిన రోజుల్లో జబ్బు కంటే ముందు పందుల బండి వచ్చింది. వలలూ తాళ్లూ పట్టుకుని మనుషులు దిగేవారు. మురుక్కాలవ గట్టున కనబడిన పందిని కనబడినట్టు పట్టి, బండికెక్కించి, ఊరికి దూరంగా వదిలేసి వచ్చేవారు. పందుల పెంపకమే ఆధారంగా బతికే ఎరుకల కుటుంబాలు మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఆమాటకొస్తే మనమే నయం. ఈజిప్టు ప్రభుత్వం 2009లో దేశంలో ఉన్న పందులన్నిటినీ, అంటే సుమారు మూడు లక్షల జీవాల్ని, చంపెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు వెలువడేనాటికి ఆ దేశంలో స్వైన్ ఫ్లూ రోగి ఒక్కడంటే ఒక్కడు లేడు.

మన దేశంలో తొలి రోగి బయటపడింది హైదరాబాదులో. 2009 మే 13న న్యూయార్క్ నుంచి దుబాయి మీదుగా శంషాబాద్‌కు వచ్చిన ఇరవై మూడేళ్ల యువకుడు. మే 16న జబ్బు ఖాయమైంది. అతను దిగింది విమానంలోంచి, పందుల దొడ్లోంచి కాదు. అప్పటికే ఆ వైరస్ దగ్గుల్లో తుమ్ముల్లో మనిషి మీంచి మనిషి మీదికి పాకుతోంది. బాగా ఉడికిన పందిమాంసం తింటే వస్తుందన్న భయానికీ ఆధారం లేదు. మరి పందికి ఈ నింద ఎందుకొచ్చింది? అంతా నిందేనా, కొంత నిజముందా? వైరస్ లోపల రాసి ఉన్న అక్షరాల్ని వరసగా చదివినవాళ్లు ఈ తగువు తీర్చారు. జీన్ సీక్వెన్సింగ్ అంటాం కదా, ఆ చదువు గురించే ఈ పూట ప్రసంగం.

పల్నాటి వాళ్లం కాబట్టి పల్నాటి పద్ధతిలోనే మొదలుపెడదాం. పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి అచ్చు వేయించారు. అచ్చుయంత్రం రాకముందు ఒక కావ్యం బతకాలంటే తాటాకుల మీద చేత్తో ఎత్తి రాసుకోవడమే దారి. ఎంత జాగ్రత్తపరుడైన వ్రాయసకాడికైనా ఎక్కడో గంటం జారుతుంది. ఒక గుణింతం తప్పుతుంది, ఒక పాదం ఎగిరిపోతుంది. ఆ ప్రతిని చూసి రాసుకున్న తర్వాతివాడు పాత తప్పును భద్రంగా దింపుకుని, తన వంతుగా మరో రెండు చేరుస్తాడు. రెండు మూడు వందల ఏళ్లు ఇలా గడిచాక మాచర్లలో ఒక ప్రతి, కారెంపూడిలో ఒకటి, గురజాలలో ఒకటి దొరికాయనుకుందాం. మాచర్ల ప్రతిలోనూ కారెంపూడి ప్రతిలోనూ ఒకే పద్యంలో ఒకే చోట ఒకే తప్పు ఉంది. ఇద్దరు వ్రాయసకాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు అదే తప్పు చేసి ఉండరు. కాబట్టి ఆ రెండూ ఒక మాతృక నుంచి దిగినవి. గురజాల ప్రతిలో ఆ తప్పు లేదంటే దాని శాఖ వేరు. పండితుడు ఇలా తప్పుల జాబితా పెట్టుకుని ప్రతులకు వంశవృక్షం గీస్తాడు. ఒప్పుగా ఉన్న పద్యాలు అన్ని ప్రతుల్లోనూ ఒకేలా ఉంటాయి కనక వాటి వల్ల చుట్టరికం తెలియదు. తెలిసేది తప్పుల వల్లే.

ఫ్లూ వైరస్ విషయంలోనూ శాస్త్రజ్ఞులు చేసేది ఇదే పని. దాని గ్రంథం ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థం మీద ఉంటుంది. అందులో అక్షరాలు నాలుగే. ఎ, సి, జి, యు. మొదటి నుంచి చివరిదాకా కలిపితే 13,500 అక్షరాల చిల్లర. మన ఒంట్లో కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏను ఎత్తి రాసే ఎంజైము రాసింది ఒకసారి తిరిగి చూసుకుంటుంది, తప్పు పడితే దిద్దుకుంటుంది. ఫ్లూ వైరస్ ఎంజైముకు ఆ అలవాటు లేదు. రాసుకుంటూ పోవడమే. అందువల్ల ఏడాది తిరిగేసరికి ఆ 13,500 అక్షరాల్లో నలభై యాభై మారిపోయి ఉంటాయి. ఈ మార్పులు ఏటేటా ఇంచుమించు ఒకే వేగంతో పోగుపడతాయి కాబట్టి, రెండు వైరస్‌ల మధ్య తేడాలు లెక్కపెడితే అవి ఎన్నేళ్ల కిందట విడిపోయాయో కూడా చెప్పొచ్చు. తాటాకు ప్రతుల పండితుడికి ఇంతటి సౌకర్యం లేదు పాపం.

ఈ లెక్క ఎంత నిక్కచ్చిదో చెప్పే కథ ఒకటుంది. హెచ్1ఎన్1 జాతి ఫ్లూ 1957లో మనుషుల్లోంచి మాయమైంది. ఇరవై ఏళ్లు పత్తా లేదు. 1977లో చైనాలో, రష్యాలో హఠాత్తుగా మళ్లీ కనబడింది. ఈసారి పడింది ఎక్కువగా ఇరవై అయిదేళ్ల లోపు కుర్రకారు మీద. పెద్దవాళ్లకు పాత జబ్బు తాలూకు రక్షణ మిగిలే ఉంది. వైరస్‌ను పరీక్షిస్తే అది 1950 ప్రాంతపు వైరస్‌కు దాదాపు నకలు! ఇరవై ఏడేళ్లలో పడవలసిన తప్పులు పడలేదు. అన్నాళ్లూ ఎవరూ దాన్ని ఎత్తి రాయలేదన్నమాట. ప్రకృతిలో తిరిగే ఏ ఫ్లూ వైరస్‌కూ అది సాధ్యం కాదు. ఏదో ప్రయోగశాల ఫ్రీజర్‌లో నిద్రపోయి, ఎవరి చేతి మీదుగానో, బహుశా టీకా ప్రయోగాల్లో, బయటికి వచ్చి ఉంటుందనే చాలామంది నమ్మకం. ఫలానా వాళ్లదే తప్పని ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. అక్షరాలు మాత్రం దాచలేదు.

ఇక ఫ్లూ వైరస్‌కు ఉన్న ఒక చిత్రం చెప్పాలి. దాని గ్రంథం ఒకే చుట్ట కాదు, ఎనిమిది విడి ఆకుల కట్ట. ఒక్కో ఆకు మీద ఒకటో రెండో ప్రొటీన్ల తయారీ రాసి ఉంటుంది. నాలుగో ఆకు హీమాగ్లుటినిన్, అంటే మన కణానికి అతుక్కునే ప్రొటీన్. ఆరో ఆకు న్యూరామినిడేజ్. తయారైన కొత్త వైరస్‌లు కణాన్ని వదిలించుకుని బయటపడటానికి అది పనికొస్తుంది. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, హెచ్5ఎన్1 అని మనం వినే పేర్లన్నీ ఈ రెండు ఆకుల రకాల్ని బట్టి పెట్టినవే. మిగిలిన ఆరు ఆకుల సంగతి ఆ పేర్లలో ఉండదు.

ఆకులు విడివిడిగా ఉండటంతో ఏమవుతుంది? ఒకే జీవి ఒంట్లో, ఒకే కణంలోకి, ఒకే సమయంలో రెండు రకాల ఫ్లూ వైరస్‌లు చేరాయనుకోండి. రెండు కట్టలూ విప్పుకుని పదహారు ఆకులూ కలిసిపోతాయి. మళ్లీ కట్టలు కట్టేటప్పుడు ఇందులోవి మూడు, అందులోవి అయిదు పడొచ్చు. రాత్రికి రాత్రి కొత్త గ్రంథం పుడుతుంది. గంటం జారడం వల్ల వచ్చే మార్పు నిదానం. ఇది ఒక్క దెబ్బలో వచ్చే మార్పు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థకు అలాంటి కట్ట ఎదురైతే గుర్తుపట్టడానికి పాత ఆనవాలు ఉండదు.

ఇప్పుడు 2009కి వద్దాం. ఆ ఏడాది మార్చి ఆఖర్న అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలకు మామూలు జ్వరమే వచ్చింది. ఇద్దరివీ పక్క పక్క జిల్లాలు. ఒకరికొకరు పరిచయం లేదు, ఇద్దరూ పందుల దగ్గరికి వెళ్లలేదు. వాళ్ల ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో అమెరికా ప్రభుత్వ అంటువ్యాధుల సంస్థ అంతవరకూ ఎక్కడా చూడని వైరస్‌ను గుర్తించింది. ఏప్రిల్ నెలాఖరు లోపలే దాని అక్షరక్రమాన్ని ప్రపంచమంతా చూడగలిగేలా బయటపెట్టింది. ఆ తర్వాత జరిగింది చూడముచ్చటైన పని. ఎడిన్‌బరోలో ఆండ్రూ రాంబో, అరిజోనాలో మైకేల్ వొరోబీ, హాంగ్‌కాంగ్‌లో గావిన్ స్మిత్, మన దక్షిణాది పేరున్న విజయకృష్ణ ధనశేఖరన్, ఇంకా కొందరు కలిసి ఎనిమిది ఆకులకూ విడివిడిగా ఎనిమిది వంశవృక్షాలు గీశారు. జూన్ నెలలోనే నేచర్ పత్రికలో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించిందీ ఆ నెలలోనే, 11వ తేదీన.

వాళ్లు విప్పిన కట్టలో ఆకులు ఇలా ఉన్నాయి. హీమాగ్లుటినిన్ ఆకు, దానితో పాటు మరో రెండు, అమెరికా పందుల్లో దశాబ్దాలుగా తిరుగుతున్న పాత పంది వైరస్‌వి. రెండు ఆకులు అమెరికా ఖండపు పక్షుల నుంచి వచ్చినవి. ఒక ఆకు మనుషుల హెచ్3ఎన్2 ఫ్లూది. ఈ ఆరు ఆకులూ 1998 ప్రాంతంలోనే అమెరికా పందుల్లో ఒక కట్టగా చేరాయి. మిగిలిన రెండు, న్యూరామినిడేజ్ ఆకూ ఎం అనే ఆకూ, ఎక్కడివంటే యూరప్ పందులవి! ఆ వైరస్ కూడా మొదట పక్షులదే. 1979 ప్రాంతంలో అక్కడి బాతుల జాతి పక్షుల నుంచి పందుల్లోకి దిగి స్థిరపడింది. అంటే మూడు జాతుల జీవులూ, రెండు ఖండాలూ కలిసి ఒక వైరస్‌ను కూర్చాయి. యూరప్ పంది అట్లాంటిక్ సముద్రం ఈదలేదు కదా. మేలుజాతి పందుల ఎగుమతి దిగుమతుల వ్యాపారం మోసుకొచ్చింది. 2016లో మరో బృందం మెక్సికో పందుల శాంపిళ్లు చదివి, రెండు శాఖలూ కలిసింది మెక్సికో పడమటి నడిమి ప్రాంతపు పందుల్లోనే అని చూపింది. మనుషుల విమాన ప్రయాణాల గురించి గంటలకొద్దీ చర్చించాం గానీ పందుల ప్రయాణాల గురించి అప్పట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆ జూన్ వ్యాసంలో నన్ను ఎక్కువగా పట్టిన వాక్యం ఇంకొకటుంది. ఎనిమిది వంశవృక్షాల్లోనూ 2009 వైరస్‌కూ, దానికి అతి దగ్గరి చుట్టానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. లెక్క కడితే సుమారు పదేళ్లు. ఆ పదేళ్లలోనూ వైరస్ ఎక్కడో పందుల్లో తిరుగుతూనే ఉంది, తప్పులు పోగేసుకుంటూనే ఉంది. ఎవరూ ఒక్క శాంపిల్ తీసి చదవలేదు. అది దాక్కోలేదండీ, మనం వెతకలేదు.

ఎందుకు వెతకలేదంటే ఫ్లూ వచ్చిన పంది సాధారణంగా చచ్చిపోదు. దొడ్లో ఉన్న పందులన్నీ ఒక్కసారిగా దగ్గుతాయి, మేత మానేస్తాయి, జ్వరంతో గుట్టగా పడుకుంటాయి. అయిదారు రోజులు గడిస్తే లేచి తిరుగుతాయి. పెంపకందారుకు నష్టం తక్కువ, కాబట్టి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లడు. డాక్టరుకు కబురు లేదు కాబట్టి శాంపిల్ లేదు. కోళ్లకు వచ్చే హెచ్5ఎన్1 అలా కాదు, షెడ్డుకు షెడ్డు ఒక్క వారంలో ఊడ్చేస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. పంది నెమ్మదిగా కోలుకోవడమే ఇక్కడ చిక్కు.

సరే, అమెరికా పందుల్లోని ఆ పాత వైరస్ అసలెక్కడిది? ఇది తెలిస్తే పందుల్ని బండి ఎక్కించినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. 1918లో ప్రపంచాన్ని ఊడ్చిన మహా ఇన్‌ఫ్లుయెంజా గుర్తుంది కదా. మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలు తీసింది. అదే ఏడాది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పందులకు సరిగ్గా అవే లక్షణాలతో జబ్బు వచ్చింది. జె.ఎస్. కోయెన్ అనే పశువుల డాక్టరు, ఇది మనుషుల జబ్బేనని గట్టిగా చెప్పాడు. పందిమాంసం వ్యాపారులకు కోపం వచ్చింది. 1930లో రిచర్డ్ షోప్ పంది నుంచి ఆ వైరస్‌ను వేరు చేశాడు. మనిషి నుంచి ఫ్లూ వైరస్‌ను వేరు చేయగలిగింది ఆ తర్వాత, 1933లో, లండన్‌లో. చరిత్రలో ముందు దొరికింది పంది వైరస్, తర్వాత దొరికింది మనిషి వైరస్. 1918 నాటి అసలు గ్రంథం చదవడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. యోహాన్ హల్టిన్ అనే ఆయన 1951లో యువకుడిగా అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే పల్లెకు వెళ్లి, మంచు నేలలో పూడ్చిన 1918 మృతుల ఊపిరితిత్తుల నుంచి వైరస్ తీయాలని చూశాడు, కుదరలేదు. 1997లో, డెబ్బై రెండేళ్ల వయసులో, అదే ఊరికి మళ్లీ వెళ్లి ఊరివాళ్ల అనుమతితో మరోసారి తవ్వాడు. ఆ ఊపిరితిత్తి ముక్కల నుంచి, అమెరికా సైనిక పాథాలజీ సంస్థ దాచిన పాత ముక్కల నుంచి జెఫరీ టాబెన్‌బర్గర్ బృందం 2005 నాటికి ఎనిమిది ఆకులూ చదవడం పూర్తి చేసింది. అక్షరాలు పోల్చి చూస్తే అమెరికా పందుల పాత వైరస్‌కు తల్లి 1918 వైరసే. అప్పటి ఆధారాలన్నీ కలిపి చూసినవాళ్లలో ఎక్కువమంది నమ్మేది, పందికి అంటించింది మనమే అని.

పందుల ఆయుష్షు తక్కువ. ఒక ఈత పందులు పోయి మరో ఈత వస్తూ ఉంటాయి. పుట్టే ప్రతి పిల్లా వైరస్‌కు కొత్తే కాబట్టి, రూపు మార్చుకోవలసిన ఒత్తిడి దాని మీద మనుషుల్లో ఉన్నంత ఉండదు. అందుకే ఆ హీమాగ్లుటినిన్ పందుల్లో తొంభై ఏళ్లు పెద్దగా మారకుండా నిలబడింది. 2009లో అది మళ్లీ మనుషుల్లోకి వచ్చినప్పుడు విచిత్రం జరిగింది. ఏ ఫ్లూ వచ్చినా ముందు ముసలివాళ్లు పోతారనుకుంటాం. ఈసారి అరవై దాటినవాళ్లకు జబ్బు సోకడమే తక్కువ. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు 1918 వంశపు ఫ్లూను ఎదుర్కొన్నవాళ్లు. ఒంట్లో ఆ జ్ఞాపకం చెరిగిపోలేదు. మంచాన పడింది పిల్లలు, నడివయసువాళ్లు, గర్భిణులు. మన తాతమ్మలు ఎదుర్కొన్న శత్రువు వేషం పెద్దగా మార్చకుండా మునిమనవల మీదికి వచ్చింది.

పంది ఒంట్లోనే ఇలా ఎందుకు కలుస్తాయని అడుగుతారు. కణం పైన పక్షుల ఫ్లూ పట్టుకునే చక్కెర కొన ఒక రకం, మనుషుల ఫ్లూ పట్టుకునే కొన ఇంకో రకం. పంది శ్వాసనాళంలో రెండూ ఉన్నాయని 1998లో చూపారు. పాఠ్యపుస్తకాలు పందిని వైరస్‌ల కలబోత పాత్ర అని రాస్తుంటాయి. తర్వాతి పరిశోధనలు ఈ మాటను కొంత సడలించాయి. మనుషుల్లోనూ రెండు రకాల కొనలూ ఉన్నాయి, కౌజు పిట్టల్లోనూ ఉన్నాయి. పంది ప్రత్యేకత దాని గొంతులో ఉన్నదాని కంటే మనం దాన్ని ఉంచే చోట ఎక్కువ. ఒక పక్క కోళ్లు, ఇంకో పక్క మనుషులు, మధ్యలో పంది.

2014-15 శీతాకాలంలో తెలుగు ప్రాంతాలకు స్వైన్ ఫ్లూ మళ్లీ గట్టిగా తగిలింది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి పేరు రోజూ పేపర్లలో కనబడేది. 2015లో దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు నమోదయ్యాయి. అప్పుడే మార్చిలో అమెరికాలోని ఎంఐటీ నుంచి రామ్ శశిశేఖరన్, కన్నన్ తారకరామన్ ఒక వ్యాసం ప్రచురించారు. భారతదేశపు వైరస్ హీమాగ్లుటినిన్‌లో ప్రమాదకరమైన మార్పులు కనబడుతున్నాయని అందులో హెచ్చరించారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఒప్పుకోలేదు. తాము చదివిన శాంపిళ్లలో అలాంటి మార్పులు లేవన్నది. ఎవరి వాదం నెగ్గిందన్నది నాకు అంత ముఖ్యం కాదు. నూట ఇరవై కోట్ల జనం ఉన్న దేశం నుంచి ఆ రెండేళ్లలో అందరూ చూడగలిగే చోట ఉన్న హీమాగ్లుటినిన్ క్రమాలు అప్పటికి రెండే రెండు. రెండు ఆకులు పట్టుకుని మహా కావ్యం గురించి కొట్లాడుకున్నాం. ఆ సిగ్గు మాత్రం ఇద్దరిదీ కాదు, వ్యవస్థది. కోవిడ్ వచ్చాక పరిస్థితి మారింది. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి సంస్థలు వేల శాంపిళ్లు చదివాయి. సీక్వెన్సింగ్ అనే మాట పిడుగురాళ్ల టీ కొట్టు దాకా వచ్చింది.

ఇది ఎక్కడో అమెరికాలో, మెక్సికోలో జరిగే కథ అనుకోవడానికి మన జిల్లాకు ఇక వీలు లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు గుట్టలుగా చనిపోతే, శాంపిళ్లు చూసి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని జంతు వ్యాధుల ప్రయోగశాల తేల్చింది. మార్చి 16న నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆ పాపకు సోకింది హెచ్5ఎన్1 అని పుణె సంస్థ నిర్ధారించింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని ఇంటివాళ్లు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి ఈ వైరస్ సోకిన మొదటి కేసు అదే. ఇంట్లోగానీ ఇరుగుపొరుగున గానీ మరెవరికీ సోకలేదని అధికారులు చెప్పారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లను వేలెత్తి చూపించడం మన పని కాదు. మాంసం కోసేటప్పుడు పక్కన పసిపిల్లలు తచ్చాడని ఇల్లు మనలో ఎవరిది?

అలాంటి శాంపిల్ దొరికినప్పుడు సీక్వెన్సింగ్ చేసేవాళ్లు ముందు వెతికేది కొన్ని గుర్తులు. అందులో ఒకటి మొదటి ఆకు, పీబీ2 ప్రొటీన్‌లో 627వ స్థానం. పక్షుల వైరస్‌లలో అక్కడ గ్లుటమిక్ ఆమ్లం ఉంటుంది. అది మారి లైసిన్ వచ్చిందంటే, మనుషులలాంటి క్షీరదాల ఒంట్లో బాగా పెరగడానికి వైరస్ అలవాటు పడుతోందని అర్థం. తమాషా ఏమిటంటే 2009 వైరస్‌లో ఆ మార్పు లేనే లేదు. అయినా ప్రపంచమంతా తిరిగొచ్చింది. అదే ఆకులో వేరే చోట ఉన్న మార్పులతో పని నడుపుకుంది. ఒక్క గుర్తును నమ్ముకుని కూర్చుంటే ఎలా మోసపోతామో దీనివల్ల తెలిసింది. రెండో గుర్తు, ఏ ఆకు ఏ శాఖది అన్నది. 2024లో కోల్‌కతా వచ్చి వెళ్లిన ఆస్ట్రేలియా పాప ఒకరికి మెల్‌బోర్న్‌లో హెచ్5ఎన్1 అని తేలింది. పాప కోలుకుంది. ఆ వైరస్ హెచ్, ఎన్ ఆకులు రెండూ దక్షిణాసియా కోళ్లలో చాలాకాలంగా తిరిగే శాఖవి. మిగిలిన ఆకుల్లో కొన్ని వలస పక్షులతో ప్రపంచమంతా తిరిగే ఇంకో శాఖవి. కట్టలు విప్పి కట్టడం మన చుట్టుపక్కలే జరుగుతోందన్నమాట.

దీనికి పందిని కలిపి చూడండి. 2024 అక్టోబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక పెరటి పెంపకంలో పందుల్లో హెచ్5ఎన్1 దొరికింది. ఆ దేశపు పందుల్లో అదే మొదటిసారి. అక్కడ కోళ్లకూ పందులకూ తాగే నీళ్లు ఒకటే, సామానూ ఒకటే. ఆ వర్ణన వింటే నాకు ఒరెగాన్ కనబడలేదు, మన ఊళ్లే కనబడ్డాయి. కోళ్ల అంగడి వ్యర్థాలు ఊరి చివర పారబోస్తే పందులే తింటాయి. నల్లమల అంచున దుర్గి, వెల్దుర్తి వైపు అడవిపందులు చేలల్లోకి దిగుతాయి. సంక్రాంతి వస్తే కోడిపందేలు. పల్నాటి కథే కోడిపందెంతో మలుపు తిరిగింది, ఆ మాట ఎవరికి చెప్పాలి! గాయపడిన కోడి గొంతులో అడ్డుపడిన నెత్తుటిని నోటితో పీల్చి తీసే అలవాటు కొన్ని దేశాల పందెగాళ్లలో ఉంది. దాని వల్ల బర్డ్ ఫ్లూ సోకే ప్రమాదం ఉందని వైద్యులు చాన్నాళ్లుగా చెబుతున్నారు. ఇక్కడ ఎవరికైనా ఆ అలవాటు ఉంటే ఈ పూటే మానెయ్యండి.

చైనావాళ్లు 2011 నుంచి 2018 దాకా పది రాష్ట్రాల కబేళాల్లో పందుల ముక్కుల నుంచి ముప్పై వేల శాంపిళ్లు తీసి చదివారు. జి4 అనే కొత్త కట్ట పెరుగుతోందని 2020లో ప్రకటించారు. మహమ్మారి కాలేదు. కాకపోయినా అది అక్కడ ఉందని తెలిసింది. అంత పెద్ద ఎత్తున మనవాళ్లు పందుల్ని చదివితే ఏం దొరుకుతుందో చూడాలని నాకు చాలా కుతూహలం. పందిని ఊరవతలికి తోలేస్తే శాంపిల్ కూడా ఊరవతలికే పోతుంది. పెంపకందారుడు భయపడి జబ్బు మాట దాచేస్తాడు. బండి పంపే డబ్బులో సగం పెట్టి అదే పెంపకందారుడికి జబ్బు కబురు చెప్పినందుకు మేత ఖర్చు ఇచ్చి చూడమంటాను. పెద్ద ఖర్చేమీ కాదు.

అంతవరకూ మనం చేయగలిగింది ఉంది. మీ దొడ్లో పందులు ఒక్కసారిగా అన్నీ దగ్గుతూ మేత మానేస్తే, రెండు రోజుల్లో అవే తగ్గుతాయి లెమ్మని ఊరుకోవద్దు. తగ్గకముందే, జ్వరం మీద ఉన్న మొదటి రెండు మూడు రోజుల్లోనే ముక్కు నుంచి శాంపిల్ తీస్తేనే వైరస్ దొరుకుతుంది. మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి కబురు చెయ్యండి, లేదా 1962 నంబరుకు ఫోన్ చెయ్యండి. కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే చేత్తో ముట్టుకోకుండా అదే నంబరుకు చెప్పండి. మీకు జ్వరం, దగ్గు ఉంటే ఆ నాలుగు రోజులూ పందులకు మేత వేసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. 2009 వైరస్ మనుషుల నుంచి పందుల్లోకి మళ్లీ మళ్లీ వెళ్లినట్టు చాలా దేశాల్లో అక్షరాలు చదివి పట్టుకున్నారు. డాక్టరు అడిగితే జ్వరం ముందు మీకు వచ్చిందా, పందులకు వచ్చిందా, తేదీలతో సహా చెప్పండి.